రన్ ఆఫ్ ద మిల్: ఇంగ్లీషులో "మామూలు" అనే మాటను ఎప్పుడు, ఎలా, ఎవరి దగ్గర వాడాలి

తిరుపతిలో నేను స్పోకెన్ ఇంగ్లీషు నేర్పుతాను. యూనివర్సిటీలో పీజీ చదివే పిల్లలు, శ్రీసిటీలో ఉద్యోగం కోసం చూసేవాళ్ళు, ట్యాక్సీ నడుపుతూ బయటి దేశాల యాత్రికులతో మాట్లాడాల్సి వచ్చే అన్నలు, అందరూ వస్తారు. పోయినేడు చంద్రగిరి వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి ఇంటర్వ్యూ అయిపోగానే నేరుగా క్లాసుకు వచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ప్రాజెక్టు గురించి చెప్పమంటే "ఇట్ ఈజ్ ఎ రన్ ఆఫ్ ద మిల్ ప్రాజెక్ట్, సర్" అందట. గొప్పలు చెప్పుకోకుండా అణకువగా మాట్లాడాలన్నది ఆ పిల్ల ఉద్దేశం. ఎదురుగా ఉన్నాయన "అయితే అందులో మేం చూడాల్సిందేముంది?" అని తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయాడట. ఆరు నెలలు కూర్చుని చేసిన పని, ఒక్క మాటతో పోయింది.

ఆ అమ్మాయి డిక్షనరీ చూసే నేర్చుకుంది. అందులో "సాధారణమైన" అని ఉంటుంది, అది తప్పూ కాదు. కానీ తెలుగులో "సాధారణం" అన్న మాటకున్న బరువు వేరు, ఇంగ్లీషులో ఈ నుడికారానికున్న బరువు వేరు. ఆ తేడా ఎవరూ చెప్పకపోవడం వల్లే ఇలాంటివి జరుగుతాయి. అందుకే ఈ ఒక్క మాటనే పట్టుకుని అది ఎక్కడ పుట్టింది, వాక్యంలో ఎక్కడ కూర్చుంటుంది, నోట్లో ఎలా పలుకుతుంది, ఎక్కడ వాడకూడదు అన్నవన్నీ ఒక వరుసలో చెప్తాను. ఒక్కో మెట్టు బాగా వంటబట్టాకే తర్వాతి మెట్టు ఎక్కండి.

మొదటి మెట్టు: ముందు మిల్లును చూడండి

"రన్" అనగానే మనకు పరుగు గుర్తొస్తుంది, "మిల్లు పరుగు" ఏమిటో అర్థం కాక అక్కడే వదిలేస్తాం. ఇక్కడ రన్ అంటే పరుగు కాదు. ఒక తడవలో మిషన్ నుంచి బయటికి వచ్చిన సరుకు మొత్తాన్ని రన్ అంటారు. గానుగ దగ్గర ఒకసారి వండి దించిన బెల్లం ఎంతో అంత, అలా అనుకోండి. ఈ మాట పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో వాడుకలోకి వచ్చింది. మిల్లు నుంచి వచ్చిన బట్టను ఇది మంచిది, ఇది రెండో రకం అని ఏరకుండా, వచ్చింది వచ్చినట్టు అమ్మితే దాన్ని రన్ ఆఫ్ ద మిల్ అనేవాళ్ళు. బొగ్గు వ్యాపారంలో దీనికి తోడబుట్టిన మాట ఇప్పటికీ ఉంది: గనిలోంచి తీసి, జల్లించకుండా, కడగకుండా ఉన్న బొగ్గును రన్ ఆఫ్ మైన్ అంటారు.

మన చిత్తూరు వైపు వాళ్ళకు దీన్ని అర్థం చేసుకోవడం చాలా సులభం, ఎందుకంటే ఏరడం అనే పని మన కళ్ళముందే రోజూ జరుగుతుంది. మామిడి సీజన్లో దామలచెరువు మండీకి వెళ్ళి చూడండి. తోటలో కోసి ట్రాక్టర్లో పోసుకొచ్చిన కాయలో పెద్దవి, చిన్నవి, మచ్చ ఉన్నవి, నున్నగా ఉన్నవి అన్నీ కలిసే ఉంటాయి. అందులోంచి కంటికి నదురుగా ఉన్నవి ఏరి పక్కన పెడితే అది గ్రేడు సరుకు, దానికి ఒక ధర. ఏరకముందు ఆ ట్రాక్టర్లో ఉన్న మొత్తం లోడు ఉంది చూశారా, అదే రన్ ఆఫ్ ద మిల్. రైసు మిల్లులోనూ అంతే, వడ్లు ఆడించగానే వచ్చిన బియ్యంలో నూకలూ ఉంటాయి, నిండు గింజా ఉంటుంది.

ఇక్కడ ఒక్క సంగతి గట్టిగా పట్టుకోండి. ఏరని లోడు అంటే చెడిపోయిన లోడు కాదు. అందులో మంచి కాయ కూడా ఉంది. "ప్రత్యేకించి ఎంచి తీసింది కాదు" అన్నదొక్కటే దాని అర్థం. ఎంచి తీసింది కాదు కాబట్టి అందరి దగ్గరా ఉండేది, అందరి దగ్గరా ఉండేది కాబట్టి మామూలుది. ఇప్పటి అర్థం అలా ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చింది.

రెండో మెట్టు: బరువు తూచండి

ఈ మార్గదర్శిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, తొందరపడకుండా చదవండి.

మనం "ఆయన చాలా సాదాసీదా మనిషి" అంటే అది మెచ్చుకోలు. ఇంత చదువుకుని, ఇంత ఆస్తి ఉండి కూడా గర్వం లేకుండా అందరితో కలిసిపోతాడని. "మా ఇంట్లో సాదా భోజనమే, రండి" అంటే అందులో ఆప్యాయత ఉంది. "మామూలు కుటుంబం నుంచి వచ్చాడు" అంటే గౌరవంగానే చెప్తాం. తెలుగులో మామూలుతనం చాలాసార్లు మంచి గుణం. ఇంగ్లీషులో రన్ ఆఫ్ ద మిల్ అన్న మాటలో ఆ మంచి గుణం లేదు. దాన్ని మనిషి మీద వాడితే "ఇతనిలో చెప్పుకోదగ్గదేమీ లేదు", పని మీద వాడితే "ఇలాంటివి రోజూ చూస్తూనే ఉంటాం", వంట మీద వాడితే "తిన్నాం, అంతే" అని వినిపిస్తుంది. తిట్టు కాదు, కానీ ఆసక్తి పోయిందని చెప్పే మాట. మన తెలుగులో దీనికి దగ్గరగా వచ్చేవి "అంతంతమాత్రం", "మూసలో పోసినట్టుంది", "ఆఁ, మామూలే" లాంటివి. ఆ చివరిదాంట్లో "ఆఁ" తీసే తీరు ఉంది కదా, రన్ ఆఫ్ ద మిల్ అంటే సరిగ్గా అదే గొంతు.

"నాసిరకం" మాత్రం కాదు. నాసిరకం అంటే సరుకులో లోపం ఉందని. రన్ ఆఫ్ ద మిల్ హోటల్లో దుప్పట్లు శుభ్రంగానే ఉండొచ్చు, ఫ్యాన్ తిరగొచ్చు, నీళ్ళు రావొచ్చు. ఇంటికి వచ్చాక ఆ హోటల్ గురించి ఎవరికైనా చెప్పాలనిపించదు, అంతే.

అయితే ఇదే మాట ఒకచోట మనసుకు ఊరటనిస్తుంది. ఏదైనా సమస్య గురించి చెప్పేటప్పుడు. పిల్లవాడికి నాలుగు రోజులుగా జ్వరం తగ్గకపోతే ఇంట్లో అందరికీ టెన్షన్. డాక్టర్ గారు చూసి "నథింగ్ టు వరీ, జస్ట్ ఎ రన్-ఆఫ్-ద-మిల్ వైరల్ ఫీవర్" అంటే ప్రాణం లేచొస్తుంది. జబ్బు మామూలుదైతే మంచి వార్త, ప్రాజెక్టు మామూలుదైతే చెడ్డ వార్త. ఈ మాట ఎదుటివాళ్ళకు ఎలా వినిపిస్తుందో ముందే తెలుసుకోవాలంటే మిమ్మల్ని మీరు అడగాల్సిన ప్రశ్న ఇది: ఈ వస్తువు ప్రత్యేకంగా ఉండాలని వినేవాళ్ళు కోరుకుంటున్నారా, లేక ఏ ప్రత్యేకతా లేకుండా ఉంటే చాలనుకుంటున్నారా?

ఆ అమ్మాయి చెప్పాలనుకున్నదానికి సరైన వాక్యం మేమిద్దరం కూర్చుని రాశాం. "ఇట్ ఈజ్ ఎ సింపుల్ ప్రాజెక్ట్, బట్ ఇట్ సాల్వ్స్ ఎ రియల్ ప్రాబ్లమ్." సింపుల్ అన్న మాటలో మన "సాదా"కు ఉన్న మర్యాద ఉంది. మనిషి గురించి అయితే "డౌన్ టు ఎర్త్" అనండి, అది మన సాదాసీదా మనిషికి చక్కగా సరిపోతుంది. ఇంటి భోజనానికి "సింపుల్ హోమ్ ఫుడ్" చాలు.

మూడో మెట్టు: వాక్యంలో చోటు

నామవాచకానికి ముందు పెట్టడమే దీనికి బాగా అలవాటైన చోటు. "వి స్టేడ్ ఇన్ ఎ రన్-ఆఫ్-ద-మిల్ లాడ్జ్ నియర్ ద బస్ స్టాండ్." రాసేటప్పుడు ఇలా ముందు వచ్చినప్పుడు నాలుగు మాటల మధ్య మూడు చిన్న గీతలు తప్పకుండా పెట్టండి, నాలుగూ కలిసి ఒకే విశేషణం అని చదివేవాళ్ళకు తెలియడానికి. వాక్యం చివర వస్తే, "ద ఫుడ్ వాజ్ ప్రెటీ రన్ ఆఫ్ ద మిల్" లాంటి చోట, గీతలు లేకుండా రాసేవాళ్ళు చాలామంది, పెట్టేవాళ్ళూ ఉన్నారు. మీ ఇష్టం, ఒక ఉత్తరంలో ఒకే పద్ధతి పాటించండి.

లోపలి మాటలను కదిలించకూడదు. "రన్స్ ఆఫ్ ద మిల్" లేదు, "మిల్స్" లేదు, "ద" తీసేయకూడదు. పది హోటళ్ళ గురించి చెప్పినా "రన్-ఆఫ్-ద-మిల్ హోటల్స్" అనే అంటాం, బహువచనం హోటల్‌కే వస్తుంది.

కాదు అని చెప్పేటప్పుడే ఈ మాటకు అసలు అందం. "నాట్ యువర్ రన్-ఆఫ్-ద-మిల్" అని మొదలుపెట్టారంటే అది మెచ్చుకోలు. అలిపిరి నుంచి తిరుమలకు నడకదారిలో సుమారు 3,550 మెట్లు. తెల్లవారుజామున మొదలుపెట్టి గోవింద నామాలు చెప్పుకుంటూ ఎక్కే ఆ నడక గురించి బయటి వాళ్ళకు ఒక్క వాక్యంలో చెప్పాలంటే: "దిస్ ఈజ్ నాట్ యువర్ రన్-ఆఫ్-ద-మిల్ మార్నింగ్ వాక్." ఇక్కడ "యువర్" చూసి మా స్టూడెంట్లు తికమకపడతారు, నా నడక కాదు కదా, మీ నడక అంటారేంటి అని. ఆ యువర్‌కు "మీ" అని అర్థం లేదు. "ఇది మన మామూలు ఇడ్లీ కాదప్పా" అని మనం అంటాం చూడండి, ఆ ఇడ్లీ మనదని కాదు కదా, మనందరికీ తెలిసిన ఇడ్లీ అని. మన "మన" చేసే పనే అక్కడ "యువర్" చేస్తుంది. ఈ పోలిక దొరికిన రోజు క్లాసులో నాకు భలే సంతోషం వేసింది, అప్పట్నుంచీ ఎవరూ ఆ చోట తడబడలేదు.

నాలుగో మెట్టు: నోట్లో పలికించడం

బలం అంతా చివరి "మిల్" మీద పెట్టండి. ముందున్న మూడూ గబగబా జారిపోవాలి, వేగంగా మాట్లాడేవాళ్ళ నోట "రన్ అ ద మిల్" అన్నట్టే వినిపిస్తుంది. మనకు వచ్చే చిక్కు ఇంకొకటుంది. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి మనం బస్సు, కారు, మిల్లు అంటాం. ఇంగ్లీషు వాక్యంలో ఉన్నప్పుడు ఆ చివరి ఉకారం తీసేయండి, "మిల్" దగ్గర నాలుక పైకి ఆనించి ఆపేయండి. దీర్ఘం కూడా తీయొద్దు. "మీల్" అంటే భోజనం అయిపోతుంది.

ఐదో మెట్టు: చుట్టాలెవరు, దొంగ చుట్టాలెవరు

మామూలువాటి గురించి చెప్పే నుడికారాలు ఇంగ్లీషులో చాలానే ఉన్నాయి, అన్నీ ఒకటే అనుకుంటే పొరపాటు.

"ఎ డైమ్ ఎ డజన్" అమెరికా మాట. డైమ్ అంటే పది సెంట్ల నాణెం, పది సెంట్లకు డజను వస్తాయని. ఇక్కడ నొక్కు సంఖ్య మీద ఉంది, ఎక్కడ చూసినా దొరుకుతాయి కాబట్టి విలువ లేదని. బ్రిటన్‌లో "టెన్ ఎ పెన్నీ" అంటారు. మనం వీధికొకటి అంటాం కదా, అది. తిరుపతి బస్టాండు చుట్టూ ఉన్న లాడ్జీల సంఖ్య గురించి అయితే డైమ్ ఎ డజన్, వాటిలో ఒక లాడ్జి ఎలా ఉందో చెప్పాలంటే రన్ ఆఫ్ ద మిల్. ఈ రెండింటి మధ్య గీత ఇదే.

"నథింగ్ టు రైట్ హోమ్ అబౌట్" నాకు చాలా ఇష్టం. ఊరు వదిలి దూరంగా ఉన్న మనిషి ఇంటికి ఉత్తరం రాస్తాడు, అందులో చెప్పేంత విశేషం ఇది కాదు అని. మనం "చెప్పుకునేంత ఏం లేదులే" అంటాం. కువైట్‌కో ఖతర్‌కో వెళ్ళిన వాళ్ళున్న ఇళ్ళు మన రాయలసీమలో ఎన్నో, వాళ్ళకు ఈ మాట వెనకున్న మనసు వేరే చెప్పక్కర్లేదు. ఇది మెత్తని మాట కూడా, ఎవర్నీ పెద్దగా నొప్పించదు. సినిమా ఎలా ఉందని అడిగితే నిశ్చింతగా వాడొచ్చు.

"గార్డెన్ వెరైటీ" అమెరికాలో, "కామన్ ఆర్ గార్డెన్" బ్రిటన్‌లో. మొక్కల పేర్ల నుంచి వచ్చాయి, అడవిలో దొరికే అరుదైన రకం కాదు, పెరట్లో పెరిగేదే అని. అర్థం రన్ ఆఫ్ ద మిల్‌కు దాదాపు సమానం.

"బాగ్ స్టాండర్డ్" బ్రిటిష్ వాళ్ళు మాటల్లో వాడతారు. అర్థమైతే చాలు, మీరు వాడొద్దు. బాగ్ అన్న మాటకు వాళ్ళ వాడుక భాషలో మరుగుదొడ్డి అనే అర్థం కూడా ఉంది, ఇంటర్వ్యూలో నోరు జారితే బాగుండదు.

"ప్లెయిన్ వెనిలా" సాఫ్ట్‌వేర్లో, బ్యాంకుల్లో పనిచేసేవాళ్ళు రోజూ వింటారు. అదనపు హంగులు ఏవీ చేర్చని అసలు రకం. మసాలా, ఉల్లి, కారం ఏదీ వేయని సాదా దోశ లాంటిది. ఇందులో చిన్నచూపు లేదు, కాబట్టి ఆఫీసులో రన్ ఆఫ్ ద మిల్ అనడానికి మొహమాటంగా ఉంటే ఇది వాడండి.

"పార్ ఫర్ ద కోర్స్" గోల్ఫ్ ఆట నుంచి వచ్చింది. ఒక మైదానం పూర్తి చేయడానికి మంచి ఆటగాడికి ఎన్ని దెబ్బలు పడతాయని అనుకుంటారో అది పార్. ఇప్పుడు "ఎప్పుడూ ఉండేదేగా" అన్న అర్థంలో, ఎక్కువగా ఇబ్బందుల గురించి వాడతారు. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రోజు రూములు దొరకకపోవడం పార్ ఫర్ ద కోర్స్. అది మామూలు రద్దీ కాదు, కానీ ఆ రోజున అలా ఉంటుందని మనకు ముందే తెలుసు. అందుకే ఇక్కడ రన్ ఆఫ్ ద మిల్ అనలేం.

ఇక దొంగ చుట్టాలు. మిల్ అన్న మాట కనపడగానే మోసపోవద్దు. "గో త్రూ ద మిల్" అంటే పడరాని పాట్లు పడటం, గింజ రాళ్ళ మధ్య నలిగినట్టు. "గ్రిస్ట్ ఫర్ ద మిల్" అంటే మన పనికి పనికొచ్చే సరుకు, ఏది దొరికినా వాడుకోవడం. ఈ రెండింటికీ మామూలుతనంతో సంబంధమే లేదు.

ఆరో మెట్టు: ఎక్కడ నోరు కట్టేసుకోవాలి

ఎదురుగా ఉన్న మనిషి మీద వాడొద్దు. ఒకరి ఇంట్లో తిని ఆ వంట గురించి వాడొద్దు. బయోడేటాలో మీ గురించి మీరు అస్సలు రాయొద్దు. మీ కింద పనిచేసేవాళ్ళు తెచ్చిన పని మీద కూడా వాడొద్దు, వాళ్ళు రెండోసారి మనసు పెట్టి చేయరు.

చేతిపని మీద వాడడం అన్నిటికంటే బాధ కలిగిస్తుంది, ఇది నేను స్వయంగా చేసిన తప్పు. చాలా ఏళ్ళ కిందట ఒక విదేశీ అతిథిని తీసుకుని శ్రీకాళహస్తి వెళ్ళాను. అక్కడ ఒక ఇంట్లో కలంకారీ బట్ట చూపించారు. ఆమె "ఇది అరుదైనదా?" అని అడిగింది. ఇక్కడ ఇది జనం జీవితంలో కలిసిపోయిన పని, ఈ ఊళ్ళో చాలామందికి ఇదే బతుకుతెరువు అని చెప్పాలనుకుని, "నో నో, ఇట్ ఈజ్ రన్ ఆఫ్ ద మిల్ హియర్" అన్నాను. ఆమె చేతిలో ఉన్న బట్టను మెల్లగా మడిచి కింద పెట్టేసింది. ఆ బట్టను కరక్కాయ కలిపిన పాలల్లో నానబెట్టి, ఎండబెట్టి, వెదురు పుల్ల కలంతో ఒక్కో గీతా గీసి, ఒక్కో రంగుకూ మళ్ళీ మళ్ళీ ఉతికి తయారుచేసిన పెద్దాయన అక్కడే నిలబడి ఉన్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. కానీ బట్ట కింద పెట్టడం చూశాడు. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

నేను అనాల్సింది "ఇట్ ఈజ్ పార్ట్ ఆఫ్ ఎవ్రీడే లైఫ్ హియర్". ఒక చోట రోజూ కనిపించడం వేరు, ప్రత్యేకత లేకపోవడం వేరు. మనకు రోజూ కనిపించేది అవతలివాళ్ళకు అపురూపం కావచ్చు. ఇంకో సంగతి కూడా చూడండి: మిల్లులో అదే కలంకారీ డిజైన్‌ను మిషన్ మీద అచ్చేసి మీటర్ల లెక్కన అమ్ముతారు. రన్ ఆఫ్ ద మిల్ అన్న మాట మాటకు మాటగా సరిపోయేది ఆ బట్టకు, దాన్ని చేతిపనికి తగిలించాను నేను.

ఏడో మెట్టు: చేసి చూడండి

వినడం వల్ల రాదు, నోటితో అనాలి. ఇవాళ మీ వీధిలో నడుస్తూ ఐదు వస్తువులు ఎంచుకోండి. ఒక్కోదానికి రెండు వాక్యాలు, ఒకటి అది మామూలుదని, రెండోది కాదని. టీ అంగడి, జెరాక్స్ షాపు, ఆటో, ఏదైనా. అద్దం ముందు కాదు, ఒక తోడు ఉంటే మంచిది, ఎందుకంటే ఎదుటి మనిషి ముఖం మారడం చూస్తేనే ఈ మాట బరువు తెలుస్తుంది.

తర్వాత ఇవి ఇంగ్లీషులో చెప్పండి, జవాబు చూడకుండా ముందు మీరే అనుకోండి.

"ఆ కాలేజీ ఏదో అంతంతమాత్రమే, కానీ లైబ్రరీ మాత్రం చాలా బాగుంటుంది." ఇక్కడ వాడొచ్చు: "ఇట్స్ ఎ రన్-ఆఫ్-ద-మిల్ కాలేజ్, బట్ ద లైబ్రరీ ఈజ్ ఎక్సలెంట్."

"మా నాన్న చాలా సాదాసీదా మనిషి." ఇక్కడ వాడకూడదు. "మై ఫాదర్ ఈజ్ ఎ సింపుల్, డౌన్-టు-ఎర్త్ మ్యాన్."

"ఇలాంటి కోచింగ్ సెంటర్లు వీధికొకటి ఉన్నాయి." సంఖ్య గురించి కాబట్టి డైమ్ ఎ డజన్.

"తిరుమల లడ్డు మామూలు లడ్డు కాదు." 2009లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చిన ప్రసాదం అది, ఇంకెక్కడా ఆ పేరుతో చేసి అమ్మకూడదు. "ద తిరుమల లడ్డు ఈజ్ నో రన్-ఆఫ్-ద-మిల్ స్వీట్." ఇక్కడ "నాట్ యువర్" కంటే "నో" బాగుంటుందని నా అభిప్రాయం, యువర్‌లో కొంచెం చనువు వినిపిస్తుంది, ప్రసాదం దగ్గర ఆ చనువు నాకు నచ్చదు.

చివరిది కొంచెం కష్టం. "బండి ఆగిపోయింది, మెకానిక్ చూసి పెద్ద సమస్యేం కాదు, ఎప్పుడూ వచ్చేదే అన్నాడు." రెండో మెట్టులో డాక్టర్ గారు చెప్పిన జ్వరం గుర్తుందా? అదే లెక్క ఇక్కడా పనికొస్తుంది. వాక్యం మీరే కట్టండి, కట్టాక పైకి మూడుసార్లు అనండి, "మిల్" దగ్గర ఉకారం రాకుండా.